అంచె పొడవెంత? – తపాలా పరుగు నుంచి పోలీసు పరుగు దాకా

మనం రాసుకునే ప్రతి రచననూ 'టపా' అని పిలుచుకోవడం తెలుగు బ్లాగుల తొలినాళ్ళ నుంచీ వస్తున్న అలవాటు. ఈ మాట తపాలా కుటుంబానికి చెందినది. అంటే ఒకప్పుడు గజ్జెల కర్ర పట్టుకుని, ఉత్తరాల సంచి భుజాన వేసుకుని, ఎండావానల్లో ఉరికిన మనిషి సంచిలోంచి మనకు దొరికిన మాట. దానికి తోబుట్టువు లాంటి మాట మరొకటి ఉంది, 'అంచె'. ఒక మనిషి ఎక్కడిదాకా పరుగెత్తి తన బరువును మరొకరికి అప్పగిస్తాడో అంతవరకు ఒక అంచె. కన్నడంలో నేటికీ తపాలాను అంచె అనే అంటారు. తెలుగులో ఆ అర్థం మరుగున పడి, 'అంచెలంచెలుగా ఎదిగాడు' అనే పలుకుబడిలో మాత్రం మిగిలింది.

అంచె అనే మాటలో ఒక లెక్క దాగి ఉంది. ఒక మనిషి ఎంత దూరం పరుగెత్తాలి? దూరం తగ్గిస్తే ఎంత వేగం పెరుగుతుంది? పది మైళ్ళు ఆగకుండా పోగలిగినవాణ్ణి అర మైలు పరుగెత్తమంటే ఎంతసేపట్లో ముగిస్తాడు? నేడు ఈ ప్రశ్న వ్యాయామశాస్త్రానికి చెందినదిగా కనబడుతుంది. కాని రాజ్యాలు దీన్ని శతాబ్దాల కిందటే ఎదుర్కొన్నాయి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల యువకులు ఇప్పటికీ ఎదుర్కొంటున్నారు, ఖాకీ ఉద్యోగం కోసం. ఈ రెండు పరుగులనూ ఒకే సూత్రానికి గుచ్చి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

*

గోలకొండ నుంచి మచిలీపట్నానికి పోయే పాత రహదారి నల్లగొండ సీమ గుండా సాగేది. 17వ శతాబ్దంలో ఈ దారిన నడిచిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే తన మజిలీలను వరుసగా రాసిపెట్టాడు. ఆయన ఉచ్చారణలో వంకర్లు పోయిన పేర్లలో హయత్‌నగర్, పంతంగి, పానగల్లు పోల్చుకోవచ్చు. నేటి విజయవాడ రహదారి మీద టోలుగేటు దగ్గర కారు ఆపుకునేవారికి పంతంగి పేరు కొత్త కాదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరు, నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది.

1676లో అచ్చయిన తన గ్రంథంలో తవెర్నియే ఈ దేశపు ఉత్తరాల బట్వాడాను గురించి ఆశ్చర్యంగా రాశాడు. గుర్రపు రౌతు కంటే కాలినడక బంటు ఉత్తరాన్ని త్వరగా చేరుస్తాడన్నది ఆయన గమనించిన సంగతి. ప్రతి రెండు లీగులకూ ఒక గుడిసె ఉంటుంది, అందులో మనుషులు సిద్ధంగా ఉంటారు. వచ్చినవాడు ఉత్తరాన్ని చేతికి ఇవ్వడు, గుమ్మం ముందు నేల మీద వేస్తాడు. చేతికిస్తే అపశకునమట. లోపలివాడు దాన్ని తీసుకుని పరుగు అందుకుంటాడు. చెట్లు లేని దారుల్లో ప్రతి ఐదువందల అడుగులకూ రాళ్ళు పేర్చి ఉండేవనీ, చీకట్లో, వానలో బంటుకు దారి తెలియడానికి దగ్గరి ఊళ్ళవాళ్ళు వాటికి సున్నం కొట్టేవారనీ కూడా ఆయన చెప్పాడు. రాత్రి గుర్రం తడబడే దారిలో మనిషి పాదం తడబడదు. కాలిబంటు గెలుపులో ఈ రాత్రి పరుగుది పెద్ద పాలు.

ఇంతకు మూడు వందల ఏళ్ళ ముందు, తుగ్లక్ కాలంలో, ఇబ్న్ బతూతా చూసిన ఏర్పాటు వేరు. అక్కడ అంచె రెండు లీగులు కాదు, మైలులో మూడో వంతు మాత్రమే. ఒక చేతిలో ఉత్తరం, మరో చేతిలో చివర రాగి గంటలు కట్టిన రెండు మూరల కర్ర. బంటు ఉన్న బలమంతా పెట్టి ఉరుకుతాడు. గంటల చప్పుడు వినగానే ముందున్నవాడు నడుం బిగించి నిలబడతాడు. సింధు నుంచి ఢిల్లీకి మామూలు ప్రయాణం 50 రోజులైతే, తపాలా 5 రోజుల్లో చేరేదని ఆయన రాశాడు. సుల్తాను దౌలతాబాదులో ఉన్నప్పుడు తాగడానికి గంగనీళ్ళు కూడా ఇలాగే వచ్చేవట. ఆ దూరం 40 రోజుల నడక.

ఒకే దేశం, ఒకే పని. ఒక రాజ్యం మైలులో మూడో వంతు అంచె పెట్టుకుంది. మరో కాలంలో అది రెండు లీగులయింది. ఈ తేడా ఎందుకు?

*

దీనికి సమాధానం దొరకాలంటే కాసేపు లెక్కల్లోకి పోక తప్పదు. విసుగనుకోకుండా వెంట రండి.

1906లో ఆర్థర్ ఎడ్విన్ కెనెల్లీ అనే ఇంజనీరు ఒక విచిత్రమైన పత్రం ప్రచురించాడు. గుర్రాల పందేలు, మనుషుల నడక, పరుగు, పడవ పందేలు, ఇలా దొరికిన రికార్డులన్నీ పోగుచేసి, దూరానికీ కాలానికీ సంబంధం వెతికాడు. దూరం రెట్టింపయితే కాలం రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ అవుతుంది, ఆ 'కొంచెం' దాదాపు స్థిరంగా ఉంటుంది. కాలం దూరానికి 9/8 ఘాతంలో పెరుగుతుందని ఆయన తేల్చాడు. మామూలు మాటల్లో చెప్పాలంటే, దూరం రెట్టింపయిన ప్రతిసారీ సగటు వేగం నూటికి ఎనిమిది పాళ్ళు పడిపోతుంది.

కెనెల్లీ పుట్టింది 1861లో, మన బొంబాయి కొలాబాలో. చిన్న వయసులోనే తంతి కంపెనీలో చేరి, తర్వాత ఎడిసన్ దగ్గర పనిచేసి, హార్వర్డులో ఆచార్యుడయ్యాడు. రేడియో తరంగాలను తిప్పికొట్టే ఆకాశపు పొరకు హెవిసైడ్ పేరుతో కలిపి ఆయన పేరు కూడా పెట్టారు. అంచె బంటును చరిత్రలోకి నెట్టినది తంతి. ఆ తంతి మనిషే పరుగు మనిషి అలసటకు సూత్రం కట్టడం కాలం ఆడిన చమత్కారం.

తరువాత 1925లో నోబెల్ గ్రహీత ఏ.వి. హిల్ రికార్డుల వెనుక ఉన్న శరీరధర్మాన్ని వివరించాడు. 1977లో పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు పరుగుకు ప్రత్యేకించి ఘాతాన్ని సవరించి 1.06 అన్నాడు. దీని ప్రకారం దూరం రెట్టింపయితే వేగం నాలుగు పాళ్ళే తగ్గుతుంది. నేడు ప్రపంచమంతటా పరుగువీరులు ఒక దూరంలో తమ సమయాన్ని బట్టి మరో దూరంలో ఎంత పడుతుందో అంచనా వేసుకునేది ఎక్కువగా ఈ సూత్రంతోనే.

ఇప్పుడు మన బంటుల దగ్గరికి వద్దాం. ఆనాటి మైలూ లీగూ నేటి కొలతలకు సరిగ్గా అతకవు. లెక్క సులువు కోసం తవెర్నియే అంచె ఇబ్న్ బతూతా అంచెకు 16 రెట్లు అనుకుందాం. 16 అంటే నాలుగుసార్లు రెట్టింపు. రీగెల్ లెక్కన పొట్టి అంచె బంటు పొడుగు అంచె బంటు కంటే నూటికి 18 పాళ్ళు వేగంగా పోతాడు. కెనెల్లీ లెక్కన 41 పాళ్ళు. నిజం ఈ రెంటి నడుమ ఎక్కడో ఉంటుందని అనుకోవచ్చు.

ఆ వేగానికి రాజ్యం చెల్లించే వెల ఎంత? గుడిసెలు 16 రెట్లు. వాటిలో రాత్రింబవళ్ళు కాచుకు కూచునే మనుషులూ అదే మేరకు. అంటే వేగం సగం కూడా పెరగకుండానే ఖర్చు పదహారింతలవుతోంది. సరిహద్దుల్లో తిరుగుబాటు కబురు ఒక పూట ముందు తెలియడం ప్రాణం మీది మాటగా ఉన్న సుల్తానుకు అది గిట్టుబాటు. వజ్రాల బేరం ఉత్తరం పంపే వర్తకుడికి అంత తొందర అక్కరలేదు. అంచె పొడవును తేల్చినది మనిషి కాలి బలం ఒక్కటే కాదు, ఆ కబురు విలువ కూడా.

*

ఇంతవరకు సూత్రం చక్కగా నడిచింది. ఇక దాని హద్దు చూడాలి.

ప్రపంచ రికార్డులతోనే పరీక్షిద్దాం. 2020లో ఉగాండా వీరుడు జాషువా చెప్తెగెయ్ 10,000 మీటర్లను 26 నిమిషాల 11 సెకన్లలో ముగించాడు. ఆ సమయాన్ని రీగెల్ సూత్రంలో వేసి పొట్టి దూరాలకు దిగుదాం. 1500 మీటర్లకు 3 నిమిషాల 30 సెకన్లు వస్తుంది. 1998లో హిషామ్ ఎల్ గెరూజ్ నెలకొల్పిన రికార్డు 3 నిమిషాల 26 సెకన్లు. తేడా రెండు పాళ్ళు, ఫరవాలేదు. 800 మీటర్లకు సూత్రం 1 నిమిషం 48 సెకన్లంటుంది. 2012లో డేవిడ్ రుడీషా పరుగు 1 నిమిషం 40.91 సెకన్లు. తేడా ఏడు పాళ్ళకు పెరిగింది. 400 మీటర్లకు సూత్రం దాదాపు 52 సెకన్లు చూపుతుంది. 2016లో వాన్ నీకెర్క్ పరుగు 43.03 సెకన్లు. తేడా ఇరవై పాళ్ళు! దూరం తగ్గినకొద్దీ సూత్రం కాళ్ళు తడబడుతున్నాయి.

కారణం శరీరంలోనే ఉంది. ఎక్కువ దూరం పరుగుకు ఇంధనం ఊపిరి. పీల్చిన ప్రాణవాయువుతో కండరం నిదానంగా మండుతుంది. మనవాళ్ళు దీన్నే 'దమ్ము' అంటారు. తక్కువ దూరం పరుగులో కండరం ఊపిరి కోసం ఆగదు, తనలో దాచుకున్న నిల్వను అప్పులాగా వాడేసుకుంటుంది. 1500 మీటర్లలో ఈ అప్పు సుమారు ఆరో వంతు, 800లో మూడో వంతు, 400లో సగానికి పైన. దమ్మున్నవాడికి ఈ అప్పు పుట్టించే శక్తి కూడా ఉండాలని లేదు. అందుకే రీగెల్ తన సూత్రం మూడున్నర నిమిషాల నుంచి 230 నిమిషాల దాకా సాగే పరుగులకే వర్తిస్తుందని హద్దు గీశాడు. అంతకంటే పొట్టి పరుగులో ఇద్దరు సమాన దమ్మున్నవాళ్ళు సమానంగా రారు.

దీనికి మన గడ్డ మీదే గొప్ప దృష్టాంతం ఉంది. 1951లో సైన్యంలో చేరిన మిల్ఖా సింగ్ సికింద్రాబాదులోని ఈ.ఎం.ఇ. కేంద్రంలో సిపాయి. అక్కడ కొత్తవాళ్ళకు కొన్ని మైళ్ళ క్రాస్‌కంట్రీ పరుగు పెట్టి, మొదటి పదిమందిని ప్రత్యేక శిక్షణకు ఎంపిక చేస్తామన్నారు. మిల్ఖా ఆరోస్థానంలో వచ్చాడు. ఆ పరుగును మాత్రమే చూసి సూత్రం వేస్తే ఏం తేలుతుంది? తనకంటే ముందున్న ఐదుగురూ ఏ దూరంలోనైనా తనకంటే ముందే ఉంటారని తేలుతుంది. సూత్రానికి మనుషులంతా ఒకటే, వరుస మారదు. కాని శిక్షకుడు గురుదేవ్ సింగ్ ఆ పదిమందినీ 400 మీటర్లు పరుగెత్తించాడు. నాలుగు వందల మీటర్లంటే ఎంతని అడిగిన ఆ కుర్రవాడు, 1958లో కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించాడు. రోమ్‌లో ఆయన సమయం యంత్రం లెక్కన 45.73 సెకన్లు. 1998లో పరమ్‌జీత్ సింగ్ దాటేదాకా అంతకు మించిన భారతీయుడు లేడు.

'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు' అన్నారు మన పెద్దలు. సైన్యంలో క్రీడాకారులకిచ్చే అదనపు గ్లాసు పాల కోసం పరుగెత్తానని మిల్ఖా చెప్పుకున్నాడు. సామెతకు ఎదురు నిలిచి నిజంగానే పరుగెత్తి పాలు తాగినవాడాయన. ఆ శిక్షకుడు మొదటి పరుగుతోనే తీర్పు చెప్పేసి ఉంటే, సికింద్రాబాదు మైదానం నుంచి ఒక మంచి సిపాయి మాత్రమే బయటికి వచ్చి ఉండేవాడు.

*

ఇక ఈనాటి పాలమూరు, నల్లగొండ పరుగు.

తెల్లవారుజామున ఈ జిల్లాల్లో ఏ కళాశాల మైదానానికి పోయినా, ఏ రహదారి అంచున చూసినా, బూట్లున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఉరుకుతూ కనిపిస్తారు. ఒలింపిక్స్ వాళ్ళ లక్ష్యం కాదు, కానిస్టేబుల్ ఉద్యోగం. తాతలు ఆనకట్టల మట్టి మోయడానికి దేశమంతా వలసపోయిన కుటుంబాల్లో నెలజీతం ఎంత పెద్ద మాటో పాలమూరువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆ జీతానికీ వాళ్ళకూ నడుమ ఒక పరుగు ఉంటుంది. ఆ పరుగు దూరాన్ని ప్రభుత్వాలు మారుస్తూ వచ్చాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నియామకాల్లో పురుషులకు 5 కిలోమీటర్ల పరుగు ఉండేది, గడువు 25 నిమిషాలు. ఆ పరుగులో అభ్యర్థులు కుప్పకూలి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు జరిగాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో ఆ పరుగును తొలగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. దాని స్థానంలో, తరువాతి నియామకాల్లోనూ 2018 ప్రకటనలోనూ, 800 మీటర్లను 170 సెకన్లలో ముగించాలనే నియమం వచ్చింది. 2022 ప్రకటనలో అది మళ్ళీ మారి, 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు అయింది. స్త్రీలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు.

5 కిలోమీటర్లు పోయి 800 మీటర్లు వచ్చినప్పుడు 'పరీక్ష సులువు చేశారు' అనే మాట బాగా వినబడింది. దూరం ఆరో వంతయితే సులువే కదా! సూత్రం ఏమంటుందో చూద్దాం.

5 కిలోమీటర్లను సరిగ్గా 25 నిమిషాల్లో ముగించేవాడు పాత పరీక్షలో గట్టెక్కుతాడు. అదే మనిషికి రీగెల్ లెక్కన 800 మీటర్లకు పట్టేది 215 సెకన్లు. కొత్త గడువు 170! దయగల కెనెల్లీ లెక్కన చూసినా 191 సెకన్లు. రెండు విధాలా అతడు తప్పాడు. తిప్పి చూస్తే, 170 సెకన్ల గడువును దాటే దమ్ము 5 కిలోమీటర్లలో రీగెల్ ప్రకారం 19 నిమిషాల 46 సెకన్లకూ, కెనెల్లీ ప్రకారం 22 నిమిషాల 16 సెకన్లకూ సమానం. 170 సెకన్లు రీగెల్ గీసిన హద్దుకు బయట ఉంది కనుక ఈ అంకెలను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. అయినా ఏ లెక్కన చూసినా 25 నిమిషాల కంటే అది కఠినమే. మరో మాటలో, పాత పరీక్షకు గంటకు 12 కిలోమీటర్ల వేగం చాలు. 800 మీటర్ల పరీక్షకు దాదాపు 17 కావాలి.

ఇక 2022 నాటి నియమం. 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు సూత్రం హద్దుల్లోనే ఉంది. రీగెల్ లెక్కన అది 5 కిలోమీటర్లకు 24 నిమిషాల 16 సెకన్లకు సమానం. పాత 25 నిమిషాలకు ఎంత దగ్గరో చూడండి! పాత పరీక్ష గీటున దాటినవాడు కొత్తదానిలో 13 సెకన్లు వెనకబడతాడు, అంతే. అంటే 2022లో జరిగింది కొత్త ప్రమాణం కాదు, పాత దమ్ము పరీక్షే పొట్టి దూరంలోకి తర్జుమా కావడం. మూడు నియమాల్లో ఒంటరిగా నిలిచినది నడిమిది. అది దూరం తగ్గించినట్టు కనిపించి, పరీక్షించే గుణాన్నే మార్చింది.

ఇది అంకెల ఆట కాదు. ఏళ్ళ తరబడి పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద దమ్ము పెంచుకున్న కుర్రవాడికి అకస్మాత్తుగా ఊపు పరీక్ష పెడితే, అతడు ఓడిపోయేది బలహీనుడై కాదు. అలాగే, మిల్ఖా వంటి ఊపున్నవాడు ఐదు కిలోమీటర్ల చివరి చుట్టులో కూలబడితే అతడు చేతకానివాడు కాడు. పోలీసు పనికి ఏది ఎక్కువ అవసరం, దొంగ వెంట రెండు నిమిషాల ఉరుకుడా, బందోబస్తులో రోజంతా నిలబడే ఓపికా? ఆ ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకుని, ఆ తరువాత దూరం నిర్ణయించడం సరైన క్రమం. సుల్తానుకు తన కబురు విలువ తెలుసు, అందుకే అంచె పొడవు తేల్చుకోగలిగాడు. మనం దూరాన్ని మార్చుకుంటూ పోయాం గాని, దేన్ని కొలుస్తున్నామన్న చర్చ జరగవలసినంత జరగలేదని నా అభిప్రాయం.

మైదానంలో చెమటోడుస్తున్న తమ్ముళ్ళకు ఈ లెక్క ఉపయోగపడేది ఒక్కచోట. మీ 5 కిలోమీటర్ల సమయాన్ని 3.35తో భాగిస్తే మీ 1600 సమయం ఉజ్జాయింపుగా వస్తుంది. ఆ అంచనా కంటే మీరు నిజంగా వేగంగా వస్తే మీలో ఊపుంది, దమ్ము పెంచుకోండి. నెమ్మదిగా వస్తే దమ్ముంది, పొట్టి పరుగులు సాధన చేయండి. సూత్రం తప్పినచోటే మీ గురించి మీకు తెలుస్తుంది.

నిజాం రాజ్యపు తపాలా శాఖ 1950లో భారత తపాలాలో కలిసిపోయింది. అంచె బంటు పరుగు జ్ఞాపకాలు మాత్రం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉండవచ్చు. మీ తాతముత్తాతల్లో ఎవరైనా సంచి మోసి ఉంటే, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఉరికేవారో, అంచె ఎంత దూరముండేదో వ్యాఖ్యల్లో రాయండి. అంచె పొడవు తెలిస్తే వాళ్ళ వేగం అంచనా కట్టడం ఇప్పుడు మనకు తెలుసు. వాళ్ళ అలసటను కట్టే సూత్రమే ఇంకా దొరకలేదు.